నూనె చప్పుడు ఆగేదాకా

మా మనవరాలు ప్రమీల మొయినాబాదులో హైస్కూలు టీచరు. పోయిన చలికాలం ఒకరోజు పొద్దున్నే వచ్చి, "అమ్మమ్మా, మా తొమ్మిదో తరగతి పిల్లలు ఇయ్యాల సొంత దుకాణాలు పెడుతున్నరు, నువ్వు రావాలె" అని నన్ను కారెక్కించుకుని తీసుకుపోయింది. దుకాణాలంటే నిజంగా దుకాణాలే. బడి ముందున్న ఖాళీ జాగాలో బల్లలు వరుసగా వేసి, వాటి మీద రంగు కాగితాలు పరిచి, ఒకచోట గుడ్డ సంచులు, ఒకచోట అద్దాలు కుట్టిన దిండు గలీబులు, ఇంకోచోట మొలకలు నాటిన చిన్న చిన్న కుండీలు పెట్టారు. రెండు జడలు వేసుకున్న ఒక పిల్ల నన్ను ఆపి, "అమ్మమ్మా, మా సంచి మీకెందుకు కావాల్నో చెప్త, జర వింటరా?" అన్నది. వింటానన్నాను. కూరగాయలకు ఒక అర, చిల్లరకు ఒక అర, మందుబిళ్ళలకు ఒక అర అని ఆ పిల్ల వేలు పెట్టి చూపిస్తుంటే ముచ్చటేసింది. కొనకుండా ఎట్లా వస్తాను? తల్లులు, తండ్రులు తమ పిల్లల బల్లల ముందు నిలబడి ఫోన్లు ఎత్తి ఫోటోలు తీసుకుంటున్నారు. "ఇది కూడ ఒక క్లాసే అమ్మమ్మా. చేతిపని, బేరం, గిరాకితోని ఎట్ల మాట్లాడాలె, అన్ని నేర్పుతున్నం. మీ కాలంల గిసుంటియి ఎక్కడియి?" అన్నది ప్రమీల. "ఉండె" అన్నాను. ఆట పట్టిస్తున్నాననుకుని నవ్వింది.

తిరిగి వచ్చేటప్పుడు కారు అద్దం దించుకుని కూర్చున్నాను. గండిపేట దిక్కు నుంచి నీళ్ళ చల్లదనం మోసుకుని గాలి వస్తున్నది. ఎత్తు గోడలు కట్టుకున్న ఇండ్లు, కాలేజీల బోర్డులు ఒకదాని వెనుక ఒకటి జరిగిపోతుంటే నాకు కళ్ళు మూతపడ్డాయి. మూతపడిన కళ్ళలో ఆ గోడలన్నీ మెల్లగా కరిగిపోయి, వాటి జాగాలో మనిషెత్తు ఆముదపు చేలు లేచి నిలబడ్డాయి. ఎర్రటి కాడలు, వేళ్ళు విప్పిన అరచేతుల్లాంటి ఆకులు, గాలికి ఆకు మీద ఆకు రాసుకునే మెత్తని చప్పుడు. ఆ చేల నడుమ నుంచి బండిబాట. ఆ బాట మీద మా బడి పిల్లలం, చంకలో సీసాల బుట్ట పెట్టుకుని పోతున్నాం. ముందు మా టీచరమ్మ. ఆమె అంత వేగంగా నడిచేది గానీ కాలికింద దుమ్ము లేచేది కాదు. ఇది నిజంగా జరిగిందా, లేక ఇన్నేళ్ళలో నా మనసు దుమ్ము దులిపి పెట్టిందా, నాకిప్పుడు తెలియదు.

మాది ఆలూరు. మా బాపు పటేలుగారి చేలలో పనిచేసేవాడు, ఆయన దయతలచి ఇచ్చిన చెలక ముక్కలో ఇన్ని జొన్నలు, ఇన్ని కందులు వేసుకునేవాడు. నాకు ముందు పుట్టిన ఇద్దరూ మా అవ్వకు దక్కలేదు. నేనే మిగిలాను. మా అవ్వ మాటలు తక్కువ మనిషి, చెవులు మాత్రం చాలా పెద్దవి అనేవాళ్ళు. పొయ్యి మీద అంబలి పెట్టి, గుమ్మం దగ్గర కూర్చుని చేటలో గింజలు చెరుగుతూ వెనక్కి తిరగకుండానే, "కలుపు, అడుగంటుతున్నది" అనేది. పోయి చూస్తే సరిగ్గా అడుగంటబోతూ ఉండేది. ఉడుకుతున్న అంబలి చప్పుడు మారుతుందట. పొద్దున్నే ఆమె అలుకు చల్లుతుంటే లేచే పేడ వాసన, తడిమట్టి వాసన, అంబలిలోకి చిదిమిన ఉల్లిగడ్డ వాసన, ఈ మూడూ కలిసి ఇప్పటికీ నాకు తెల్లవారటమంటే అదే. నన్ను చేవెళ్లలో మిషన్ వాళ్ళ ఆడపిల్లల బోర్డింగులో వేసిన రోజు మా అవ్వ ఏడవలేదు. నా జుట్టు దువ్వి, విప్పి, మళ్ళీ దువ్వి, మళ్ళీ విప్పింది. బాపు బయట నిలబడి, "ఇగ నడువుండ్రి, ఎండెక్కుతది" అని ఎన్నిసార్లు పిలిచాడో.

బోర్డింగు బతుకు గంట మీద నడిచేది. గంట కొడితే లేవటం, గంట కొడితే ప్రార్థన, గంట కొడితే రేకు పళ్ళేలు పట్టుకుని వరుసలో కూర్చోవటం. చింతపండు చారు, జొన్నగట్క. వంటింటి పొగకు నల్లబడ్డ గోడ, ఆ గోడకు ఆనుకుని కూర్చుంటే చలికాలంలో వీపు వెచ్చగా ఉండేది. పెద్ద తరగతుల పిల్లలకు, అంటే ఇప్పటి లెక్కన హైస్కూలు ఈడు వాళ్ళకు, మధ్యాహ్నం పూట పనిక్లాసు. అది పెట్టింది ఎస్తేరు టీచరమ్మ. సన్నటి మనిషి, తెల్లచీర, పైటకు ఎప్పుడూ ఒక సూది గుచ్చి ఉండేది. ఆమెకంటే ముందున్నావిడ కుట్లు, అల్లికలు నేర్పేదట. ఎస్తేరు టీచరమ్మ వచ్చిన మొదటి రోజే సూది మా ముందు పెట్టి, "ఇది వస్తే మంచిదే. కాని మీరు కుట్టిన రుమాలు చేవెళ్లల ఎవలు కొంటరో చెప్పుండ్రి" అని అడిగింది. మేం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. చేవెళ్లలో రుమాలుతో ముక్కు తుడుచుకునే మనిషిని మేం చూడనే లేదు. "అయితే ఊరోళ్లకు ఏం కావాలె? ఎవలికి కావాలె? దొరకక ఎవలు తిప్పలు పడుతున్నరు? గది చూసినంక చేతులు పని మొదలుపెట్టాలె" అన్నది. నా స్నేహితురాలు దీనమ్మ, దానికి నోరాగదు, లేచి నిలబడి, "అన్నం కావాలె టీచరమ్మా, అందరికి. ముందుగాల నాకు" అన్నది. క్లాసంతా పడి పడి నవ్వింది. టీచరమ్మ కూడా నవ్వి, "నువ్వు కూసో. నీ జవాబు తప్పు గాదు, జర తొందర పడ్డవు" అన్నది.

అవి యుద్ధం రోజులు. యుద్ధం ఎక్కడ జరుగుతుందో మాకు తెలియదు గానీ దుకాణాల్లో దీపాలకు పోసే గ్యాసునూనె మాయమైంది. పొద్దుగుంకితే ఇండ్లు నల్లబడిపోయేవి. అటకల మీద పడేసిన పాత ఆముదపు దీపాలు దింపి తోముకుంటున్నారు. ఊరి చుట్టూ చూస్తే ఆముదపు చేలు. దీపానికి ఆముదం, తలకు ఆముదం, కడుపునొప్పికి ఆముదం, పుట్టిన బిడ్డ మాడుకు ఆముదం. గానుగ నూనె దీపానికి సరిపోతుంది గానీ తలకూ బిడ్డకూ ఇంట్లో కాచిన వంటాముదమే కావాలి. బజారు వీధిలో ఇండ్ల ఆడవాళ్ళకు అంత ఓపిక లేదు, కాచేందుకు జాగా లేదు. దీన్నంతా మాతోనే అడిగించి, మాతోనే చెప్పించి, పలక మీద ఒక ఆముదపు గింజ బొమ్మ వేసి, "ఇదే మన క్లాసు" అన్నది టీచరమ్మ.

ఆ ఏడే వానలు నడుమ ఆగిపోయాయి. బోర్డింగులో ఒక పద్ధతి ఉండేది. పంట ఇంటికొచ్చాక ప్రతి పిల్ల తల్లిదండ్రులూ తమ బిడ్డ తిండికి జొన్నలు తెచ్చి కొట్టులో పోయాలి. ఆ ఏడు మా బాపు ఖాళీ గోనెసంచి మడిచి చంకలో పెట్టుకుని వచ్చాడు. బోర్డింగు చూసే పెద్దయ్యగారి ముందు నిలబడి, తలపాగ విప్పి చేతిలో పట్టుకుని, "పిల్లను తోల్కపోత అయ్యా. పటేలు దొడ్లె లేగదూడల కాడికి పొమ్మంటున్నరు" అన్నాడు. నేను తలుపు చాటున వింటున్నాను. దూడలంటే నాకు ఇష్టమే గానీ, పటేలు దొడ్లోకి పోయిన పిల్లలు మళ్ళీ పలక పట్టటం నేనెన్నడూ చూడలేదు. ఎస్తేరు టీచరమ్మ అప్పుడే లోపలికి వచ్చి, "అయ్యగారూ, ఈ పిల్ల జొన్నలు ఈ పిల్లనే తెస్తది. పనిక్లాసుల చేసిన నూనె ఇచ్చి బదులు జొన్నలు తీసుకుంటం. జర ఎండకాలం సెలవుల దాక చూడుండ్రి" అన్నది. పెద్దయ్యగారు గోడ దిక్కు చూసి, "కానియ్యి" అన్నాడు. బాపు ఖాళీ సంచితోనే తిరిగిపోయాడు. అట్లా నా చదువు ఆ ఆముదపు గింజల మీద కూర్చున్నది.

వంటాముదం కాచటం చూసేవాళ్ళకు తేలిక. గింజలు బాగా ఎండబెట్టి, మంగలంలో, అంటే పగిలిన కుండపెంకులో, వేయించాలి. ఎక్కువ వేగితే నూనె నల్లబడుతుంది, తక్కువ వేగితే దిగదు. వేయించినవి రోట్లో మెత్తగా దంచి, ఆ ముద్దను నీళ్ళలో వేసి పెద్ద కుండలో మరిగించాలి. మరిగి మరిగి నూనె నురగతో పాటు పైకి తేలుతుంది. దాన్ని గంటెతో మెల్లగా తీసి చిన్న గిన్నెలోకి మార్చి, మళ్ళీ పొయ్యి మీద పెట్టాలి. అసలు పని అప్పుడు. నూనెలో మిగిలిన నీళ్ళు చిటపటమంటూ పోతుంటాయి. ఆ చప్పుడు ముందు గట్టిగా, తర్వాత సన్నగా, తర్వాత దూరాన ఎవరో మెటికలు విరిచినట్టు ఒకటీ అరా వినిపించి, ఆగిపోతుంది. ఆగిన క్షణంలో దించాలి. ముందే దించితే నీళ్ళుండి దీపం చిటపటలాడుతుంది, నూనె పాడవుతుంది. కాస్త ఆలస్యమైతే కమురుకంపు. మిగతా పిల్లలు గిన్నెలోకి వంగి బుడగలు చూసేవాళ్ళు, పొగకు కళ్ళు నీళ్ళు కారేవి. టీచరమ్మ నన్ను పొయ్యి పక్కన కూర్చోబెట్టి, "కండ్లు మూసుకో రూతూ. చూడకు. వినుకుంట చెప్పు" అన్నది. కళ్ళు మూసుకున్నాను. వేయించిన గింజల బరువైన వాసన, కాలుతున్న తుమ్మకట్టెల వాసన, నా మొహం మీద వేడి. లోకంలో ఇంకేమీ లేదు, ఆ చప్పుడు ఒక్కటే. అది సన్నబడి, సన్నబడి... "దించుండ్రి" అన్నాను. దించారు. చల్లారాక సీసాలో పోసి ఎండకు పట్టి చూసింది టీచరమ్మ. పల్చటి తేనెలాగా ఉన్నది. పైటకున్న సూది తీసి మళ్ళీ గుచ్చుకున్నది. సంతోషం వస్తే ఆమె అట్లా చేసేది.

మొదటిసారి అమ్మటానికి శనివారం బయలుదేరాం. మా బడికి శనివారం సెలవు, ఆదివారం గుడి. కాబట్టి శనివారమే సరి అనుకున్నది టీచరమ్మ, మేమూ అనుకున్నాం. తలలు నున్నగా దువ్వుకుని, సీసాలకు తడిగుడ్డ చుట్టి, నేనూ దీనమ్మా బజారు వీధి ఈ కొన నుంచి ఆ కొన దాకా తిరిగాం. "ఆముదం, వంటాముదం" అని దీనమ్మ కేకవేస్తే చాలు, తలుపులు దగ్గరికి పడేవి. ఒక ముసలమ్మ మమ్మల్ని చూసి గడపలో నిలబడి గబగబా ఏదో జపం చేసింది. ఒకాయన వీధి అటు పక్కకు తప్పుకున్నాడు. మధ్యాహ్నానికి నా గొంతు ఎండిపోయింది. పటేలు దొడ్లో దూడలు నా కోసం అరుస్తున్నట్టే వినిపించింది. ఆఖరికి ఉప్పు, బెల్లం అమ్మే దుకాణం వెనుక ఇంట్లో రత్నమ్మ అనే కోమట్ల ఆవిడ, లావుపాటి మనిషి, అరుగు మీద చింతపండు గింజ తీస్తూ మమ్మల్ని చూసి చేయి అడ్డం పెట్టింది.

"ఆగుండ్రి ఆడ్నే. శనివారం పూట నూనె పట్టుకొని గడపలకొస్తరానే? ఎవల పిల్లలే మీరు?"

"మిషన్ బడి పిల్లలమమ్మా" అన్నాను.

"మీ బడిల అన్ని జెప్తరు గని శనివారం నూనె కొనరని చెప్పరా?"

"మా బడిల శనివారమంటే సెలవమ్మా" అన్నది దీనమ్మ.

రత్నమ్మకు నవ్వాగలేదు. చింతపండు చేతులతోనే నోరు మూసుకున్నది. "సెలవైతే ఆడుకోరాదే, శనిని తెచ్చి నా నెత్తిన వెట్టుడెందుకు? సరే, మూత తియ్యి, ఆడ్నుంచే." తీశాను. గాలి అటే వీస్తున్నది. ఆమె ముక్కు ఎగబీల్చి, నవ్వు ఆపి, "ఎవలు గాంచిన్రు?" అని అడిగింది. దీనమ్మ నా వీపు మీద ఒక్కటి చరిచి ముందుకు తోసింది. "నా బిడ్డ పురిటికొచ్చింది. బుధవారం తేపో" అన్నది రత్నమ్మ.

ఈ సంగతి చెబితే టీచరమ్మ ముందు నమ్మలేదు, తర్వాత కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. "నేను పాస్టరు బిడ్డను, చిన్నప్పటికెల్లి బోర్డింగులనే పెరిగిన. నాకేం ఎరుక శనివారం సంగతి? ఎవలికి కావాల్నో చూసినం, ఎన్నడు కావాల్నో చూడలే" అన్నది. మా ఇండ్లలో పెద్దవాళ్ళకు తెలిసే ఉంటుంది. కానీ మేం బోర్డింగు గంట వింటూ పెరిగినవాళ్ళం, మాకు వారాలంటే లెక్కల వారం, ప్రార్థన వారం. ఆ సాయంత్రమే ఆమె పెద్దయ్యగారి దగ్గరకు పోయి, నూనె పిల్లలకు బుధవారం బయటి పని, ఆ పాఠాలు శనివారం అని మార్పించింది. శనివారం కూడా క్లాసా అని దీనమ్మ గునిసింది. "కొనేటోళ్ల వారం మనది గావాలె గని, మన వారం వాళ్లది గాదు" అన్నది టీచరమ్మ.

బుధవారం రత్నమ్మ ఇంటికి పోయి, సీసా చేతికందించబోయాను. ఆమె చటుక్కున చేయి వెనక్కి లాక్కుని, "కింద పెట్టు, కింద పెట్టు" అన్నది. అరుగు మీద పెట్టాను. ఆమె తీసుకుని, బదులు జొన్నలు నా బట్టలో పైనుంచి పోసింది. దాహమంటే నీళ్ళూ పైనుంచే దోసిట్లో పోసింది. దారిలో దీనమ్మ ఒకచోట ఆగి బుట్ట కిందికి దించింది. తర్వాత, "కింద పెట్టమన్నది నూనె చేతికియ్యొద్దనా, మనం ముట్టుకోవద్దనా?" అన్నది. నాకు తెలియలేదు. టీచరమ్మను అడిగాం. ఆమె సూది తీయలేదు, గుచ్చలేదు. "నాకు గూడ తెల్వదు బిడ్డా" అన్నది. ఆ తర్వాత ఒకసారి రత్నమ్మ తన సొంత తోటికోడలు ఉప్పు తెస్తే కూడా "కింద పెట్టు" అనటం చూశాను. నూనె, ఉప్పు చేతికి చేయి ఇస్తే జగడం వస్తుందట. ఆమెకు మాత్రం నీళ్ళు చెంబుతో చేతికే ఇచ్చింది. రెండూ నిజమేనని అప్పుడు అర్థమైంది.

కానీ నూనె మాత్రం నడిచింది. రత్నమ్మ బిడ్డకు పురుడు పోశాక ఆ వీధి వీధంతా మా సీసాల కోసం చూసేది. ఒకసారి టీచరమ్మ మమ్మల్ని ఎడ్లబండి మీద మొయినాబాదు తీసుకుపోయింది. బండి కింద కట్టిన గడ్డి వాసన, ఎడ్ల మెడల్లో గజ్జెలు, దారి పొడుగునా సీతాఫలం చెట్లు. బండి ఊగుతుంటే సీసాల్లో నూనె కూడా మెల్లగా ఊగేది, ఎండ దానిలోంచి దూరి మా లంగాల మీద పసుపు రంగు మచ్చలై ఆడేది. ఆ రోజు నాకు నేనే ఒక రాణిననిపించింది. నా వాటా జొన్నలు నేనే మోసుకొచ్చి బోర్డింగు కొట్టులో పోశాను. గింజలు జారుతుంటే వచ్చిన ఆ చప్పుడు ప్రార్థనలో పాటకంటే కమ్మగా ఉన్నది, దేవుడు నన్ను మన్నించాలి.

ఎండకాలం సెలవులు రాకముందే ఒకరోజు మా అవ్వ వచ్చింది. బోర్డింగు వెనుక పొయ్యి దగ్గర నేను కళ్ళు మూసుకుని కూర్చుని ఉండగా, చుట్టూ పిల్లలు నా నోటి మాట కోసం ఊపిరి బిగబట్టి ఉండగా, ఆమె దూరాన నిలబడి చూసింది. నూనె దించాక సీసా ఎత్తి చూసింది. కొట్టులో నా జొన్నలు చూసింది. తర్వాత టీచరమ్మ దగ్గరకు పోయి చేతులు జోడించింది.

"టీచరమ్మా, పిల్లను తోల్కపోత."

"ఎందుకు? పిల్ల జొన్నలు పిల్లనే తెచ్చుకుంటున్నది గద?"

"గందుకే. గవ్వే జొన్నలు మా ఇంటికొస్తే ముగ్గురం తింటం. పటేలు దొడ్లెకు పంపుడు తప్పుతది. మీరే నేర్పితిరి, దేవుడు మిమ్మల్ని సల్లగ చూస్తడు."

నన్ను బడిలో ఉంచటానికి నేర్పిన పనే నన్ను బడి నుంచి తీసుకుపోతున్నది. టీచరమ్మ నన్ను పక్కకు పిలిచి, నా రెండు చేతులూ పట్టుకుని, "మీ అవ్వకు నేర్పు రూతూ. ఆమెకొచ్చిన్నాడు ఆమె కాంచుకుంటది, నువ్వు వాపస్ రా. వరుసల నీ జాగ నీకే ఉంటది, ఎవలిని కూసోనియ్య" అన్నది. ఆ మాట పట్టుకునే నేను ఏడవకుండా ఆలూరు నడిచాను.

మొదటి రోజే మా అవ్వను పొయ్యి ముందు కూర్చోబెట్టాను. టీచరమ్మ గొంతుతోనే, "కండ్లు మూసుకో అవ్వా. చూడకు, వినుకుంట చెప్పు" అన్నాను. అవ్వ బుద్ధిగా కళ్ళు మూసుకున్నది. ఆమె మొహం మీద మంట వెలుగు ఆడుతున్నది. చప్పుడు సన్నబడింది, ఆగింది, అవ్వ పలకలేదు. "అవ్వా!" అని నేనే గిన్నె లాగేసరికి కమురుకంపు కొట్టింది. మర్నాడు ముందే దించింది. ఆ తర్వాత మళ్ళీ మాడింది. "నా చేతికి రాదు బిడ్డా, ముసల్దాన్నైతిని" అనేది. అప్పటికి ఆమె తలలో ఒక్క తెల్ల వెంట్రుక లేదు. "చెవులు పెద్దయని పేరే గని, గీమెకు ఏం వినొస్తది" అని బాపు నవ్వేవాడు. నేను ఓపిక పట్టి మళ్ళీ చెప్పేదాన్ని. దంచటం వచ్చింది, వేయించటం వచ్చింది, నురగ తీయటం నాకంటే బాగా వచ్చింది. ఆ ఆఖరి చప్పుడు దగ్గరే రాలేదు. నేను కాచిన నూనె ఇంటింటికీ పోయి జొన్నలై తిరిగొచ్చేది. పొద్దుగుంకే వేళకు అవ్వ నా తల దువ్వి, నేను కాచిన నూనెనే నా తలకు రాసేది. ఆమె వేళ్ళు తలలో మెల్లగా తిరుగుతుంటే నిద్ర వచ్చేది. ఆ నిద్రలో బోర్డింగు గంట వినిపించేది.

వానలు మొదలై బడి తెరిచారు. రెండుసార్లు కబురు పంపి, మూడోసారి టీచరమ్మే నడుచుకుంటూ ఆలూరు వచ్చింది. మా గుడిసె ముందు ఈతచాప వేసి కూర్చోబెట్టాం. "ఏదీ, మీరు కాంచుండ్రి, నేను చూస్త" అన్నది అవ్వతో. అవ్వ కాచింది. గిన్నె పొయ్యి మీద పెట్టి కూర్చున్నది. చప్పుడు గట్టిగా, తర్వాత సన్నగా. టీచరమ్మ గిన్నెను చూడలేదు, మా అవ్వ మొహాన్నే చూస్తూ కూర్చున్నది. చప్పుడు ఆగింది. అవ్వ కదలలేదు. కమురు వాసన లేచింది. "సూడుండ్రి టీచరమ్మా, నాతోని కాదు" అన్నది అవ్వ, తల ఎత్తకుండా. అవ్వ పోసిన అంబలి టీచరమ్మ ఆఖరి చుక్క దాకా తాగింది. పోతూ పోతూ బాట మలుపు దాకా నన్ను తీసుకుపోయి, నా తల మీద చేయి పెట్టి, "మీ అవ్వను మంచిగ చూసుకో" అన్నది. వరుసలో నా జాగా మాట ఎత్తలేదు. ఆ రోజు నాకు ఆమె మీద కోపం వచ్చింది, ఇంత దూరం వచ్చి ఇంత చిన్న మాట చెప్పి పోయిందని.

అట్లా నా చదువు ఆగింది. పలక ఉట్టి మీదకు చేరింది. టీచరమ్మ నేర్పింది మాత్రం ఆగలేదు. ఎవరికి కావాలె, ఎన్నడు కావాలె అనే ఆ రెండు ప్రశ్నలు పట్టుకుని నేను పెండ్లయ్యాక అత్తగారింట్లో నూనె కాచాను, తర్వాత కోళ్ళు పెంచాను, ఆ తర్వాత మా ఆయనతో కలిసి బీడులో కూరగాయలు వేసి నగరానికి పంపాను, బిడ్డలందరినీ చదివించాను. చదువు లేకపోయినా బతుకు గడిచింది, నాకే కొదువా లేదు. అయినా ప్రమీల బడిలో ఆ రోజు ఆ పిల్లల్ని చూస్తుంటే అక్కడి నుంచి రాబుద్ధి కాలేదు. వాళ్ళ సంచులు అందంగా ఉన్నాయనో, వాళ్ళ మాట చురుగ్గా ఉన్నదనో కాదు. ఆ పిల్లలు ఎంత బాగా అమ్మినా సరే, మర్నాడు పొద్దున మళ్ళీ బడికే వస్తారు. వాళ్ళ తల్లులు ఫోటో తీసుకుని, పిల్లను అక్కడే వదిలిపెట్టి ఇంటికి పోతారు. ఈ ఒక్క ముచ్చట కోసం మా కాలానికీ ఈ కాలానికీ మధ్య ఎంత దూరం నడవాల్సి వచ్చిందో.

నా మొదటి కాన్పుకు ఆలూరు పోయాను. ఆడపిల్ల పుట్టింది. బిడ్డకు నీళ్ళు పోసే రోజు పొద్దున్నే, నేను లోపల మంచం మీద ఉన్నాను, తలుపు దగ్గరికి వేసి ఉన్నది. సందులోంచి సన్నటి ఎండ నేల మీద పడుతున్నది. ముందు వేగుతున్న గింజల వాసన వచ్చింది. తర్వాత రోట్లో దంపుడు. "అవ్వా, నువ్వు కాంచకు, మాడ్తది. పక్కింటి వదినెను పిలువరాదూ" అని కేకవేశాను. నీళ్ళు మరగటం వినిపించింది, గంటెతో నూనె తీయటం వినిపించింది, చిన్న గిన్నె పొయ్యి ఎక్కటం వినిపించింది. చిటపటలు గట్టిగా మొదలై, నెమ్మదించి, సన్నబడుతూ వచ్చాయి. బిడ్డను పొదువుకుని నాకు తెలియకుండానే కళ్ళు మూసుకున్నాను. ఒకటి. ఇంకొకటి. ఆఖరిది. 'దించు' అనే మాట నా పెదవుల దాకా వచ్చిందో లేదో, బయట గిన్నె నేల మీద ఆనిన చప్పుడు వినిపించింది. కమురు వాసన రాలేదు. ఇల్లంతా శుభ్రమైన, తియ్యని, వెచ్చని వాసన నిండింది.

అవ్వ గిన్నె పట్టుకుని లోపలికి వచ్చింది. నూనె తేనెరంగులో, అడుగు కనిపించేంత తేటగా ఉన్నది. ఆమె తల అప్పటికి నిజంగానే నెరిసింది. మంచం పక్కన కూర్చుని, నా ఒళ్ళోని బిడ్డను తన ఒళ్ళోకి తీసుకున్నది.

"ఎన్నడొచ్చిందే అవ్వా, నీకు?" అన్నాను.

ఆమె వేలు నూనెలో ముంచి, వేడి చూసుకుని, నా బిడ్డ మాడు మీద పెట్టింది.

"నువ్వు నేర్పిన మొదటినాడే బిడ్డా" అన్నది. నా దిక్కు చూడకుండా, మెల్లమెల్లగా అద్దుతూనే ఉన్నది.